పాలివ్వడానికి పొద్దెక్కడిది?

తల్లిపాలు తాగిన పిల్లలకు పెద్దయ్యాక పేగుపూత జబ్బులు వచ్చే అవకాశం తక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెప్తున్నాయి. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే ఈ జబ్బుల్లో పేగులు వాచి పుండ్లు పడతాయి. కడుపునొప్పి, రక్త విరేచనాలు ఏళ్ల తరబడి వేధిస్తాయి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాలవనుకున్న ఈ జబ్బులు మన పల్లెల్లోనూ ఉన్నాయని హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు 2023లో నివేదించారు.

తల్లిపాలు బిడ్డ పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులను పెంచుతాయి. అయితే జబ్బుకు వంశపారంపర్యం, తిండి, యాంటీబయాటిక్స్ వంటి కారణాలూ తోడవుతాయి. కనుక జబ్బుపడిన బిడ్డను చూపి తల్లిని నిందించడం అన్యాయం.

ఆర్నెల్లు తల్లిపాలే పట్టాలని అందరూ చెప్పేవారే. చౌటుప్పల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే స్త్రీలకు, చేలల్లో పత్తి ఏరే కూలి తల్లులకు ఆ తీరిక ఎవరిచ్చారు? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభై మంది పనిచేసేచోట శిశుగృహం ఉండాలి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికురాలు వీటిని అడిగితే పని ఉంటుందా?

కూలి తల్లికి 2013 ఆహార భద్రతా చట్టం చెప్పిన కనీస ప్రసూతి సాయం 6,000 రూపాయలు. ఆర్నెల్లకు పంచితే రోజుకు 33 రూపాయలు! అందుకే ఆమె పచ్చిబాలింతగానే పనికి పోతుంది. 1992 చట్టం డబ్బాపాల ప్రకటనలను నిషేధించింది గాని, డబ్బా పట్టక తప్పని బతుకును మార్చలేదు.

తల్లి ధర్మం గురించి ఉపన్యాసాలు చాలు. కూలికి సమానమైన ప్రసూతి భృతి, ప్రతి పనిచోటా శిశుగృహం కావాలి. వీటిని హక్కుగా అడుగుదాం.