ఆయన నొచ్చుకుంటారని

మా అమ్మాయికి డిగ్రీలో ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ పాఠం. నేనేమో బి.ఏ. తెలుగు. అయినా మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక డిక్షనరీ పక్కన పెట్టుకుని, వారం రోజుల్లో చదివేశాను. 1949 నాటి అమెరికా నాటకం. చదువుతుంటే ఎవరో తెలిసినవాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టే ఉంది.

విల్లీ లోమన్ అరవై దాటిన సేల్స్‌మన్. కంపెనీ జీతం ఆపేసి, ఒట్టి కమిషన్ మీద తిప్పుతోంది. ఆ మాట ఇంట్లో చెప్పడు. పక్కింటి చార్లీ దగ్గర వారానికి 50 డాలర్లు తెచ్చి, అదే జీతమని భార్య లిండాకి ఇస్తాడు. ఆ చార్లీయే ఉద్యోగం ఇస్తానంటే మాత్రం వద్దంటాడు. అప్పు పుచ్చుకోవడానికి అడ్డురాని పౌరుషం ఉద్యోగానికి అడ్డొచ్చింది!

లిండాకి అన్నీ తెలుసు. ప్రాణం తీసుకోవడానికి ఆయన దాచుకున్న రబ్బరు గొట్టం కూడా ఆమె కంటపడింది. రోజూ దాన్ని తీసేస్తుంది, ఆయన ఇంటికొచ్చే వేళకి మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. అడిగితే ఆయన్ని అవమానించినట్టవుతుందట.

“ఇదేం ఆడదమ్మా?” అంది మా అమ్మాయి. నేను ఏమీ అనలేకపోయాను. ఒక ఏడాది మా ఆయనకి నాలుగు నెలలు జీతం రాలేదు. నా గొలుసు కుదువపెట్టి, “చీటీ డబ్బులొచ్చాయండీ” అని అబద్ధం చెప్పాను. నొచ్చుకుంటారని.

విల్లీది తండ్రీకొడుకుల కథ అంటారు. నిజమే, ఇన్సూరెన్స్ 20,000 డాలర్లు పెద్దకొడుక్కి వస్తాయనే కదా కారు తీసుకెళ్ళి చచ్చిపోతాడు. కానీ నాకు లిండా దగ్గరే ఆగిపోవాలనిపించింది. మగాడంటే సంపాదించేవాడే అని విల్లీ ఒక్కడే నమ్మితే అన్నేళ్ళు ఆ నమ్మకం నిలబడేది కాదు. పక్కన నిలబడి కాపు కాసింది ఆమే. మిల్లర్ ఆమెను గొప్ప ఇల్లాలిగా చూపించాడు కానీ, నాకైతే ఆ గొట్టం మళ్ళీ పెట్టడం తప్పే అనిపిస్తుంది.

ఆగస్ట్ విల్సన్ ‘ఫెన్సెస్’ని సినిమాగా చూశాను. దానికి 1987లో పులిట్జర్ వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో చెత్త లారీ మీద పనిచేసే నల్లజాతి మనిషి ట్రాయ్. నల్లవాళ్ళు చెత్త ఎత్తడమే, లారీ నడపకూడదా అని అడిగి మరీ డ్రైవరవుతాడు. అక్కడ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. నన్నెప్పుడైనా ఇష్టపడ్డావా అని కొడుకు అడిగితే మాత్రం, తిండి పెట్టడం నా బాధ్యత, ఇష్టపడాలని ఎక్కడుంది అన్నట్టు మాట్లాడతాడు. వేరే ఆమెతో బిడ్డని కని, ఆమె కాన్పులో పోతే ఆ పసిగుడ్డుని ఇంటికి తెస్తాడు. రోజ్ బిడ్డని తీసుకుంటుంది, మొగుణ్ణి మాత్రం వదిలేస్తుంది, అదే ఇంట్లో ఉంటూనే. అంతకు ముందే తన పద్దెనిమిదేళ్ళ లెక్కంతా అతని మొహం మీదే చెప్పేసింది. లిండా అలా ఒక్కరోజు నోరు తెరిచి ఉంటే?

ఇది మా ఆయనకి చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నాను. గొలుసు సంగతి ఆయనకి అప్పుడే తెలుసట. నేను నొచ్చుకుంటానని అడగలేదట.