ప్రభుత్వ వకీలు ఎవరి వకీలు?

కర్నూలులోనో కడపలోనో జిల్లా కోర్టు ఆవరణలో పొద్దున పదింటికి కూర్చుంటే ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. పత్తికొండ వైపు నుంచో, జమ్మలమడుగు వైపు నుంచో చీకటితోనే బస్సెక్కి వచ్చిన ఆడమనిషి, చేతిలో సమను కాగితంతో కనబడిన ప్రతి నల్లకోటునూ ఆపి అడుగుతుంటుంది: "సార్, మా లాయరు యాడుంటాడు?" ఆమె వెతుకుతున్నది పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని. ఆయన పేరు ఆమెకు తెలియదు. ఆమె ముఖం ఆయన చూసి ఉండడు. గంట తర్వాత బోనెక్కి, తన బతుకులోకెల్లా ఘోరమైన రోజును ఆమె ఆయన ప్రశ్నలకు జవాబుగా చెప్పాలి. అవతలి పక్క ముద్దాయి మాత్రం తన వకీలుతో ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడి వచ్చి ఉంటాడు.

నిజానికి చట్టం దృష్టిలో పీపీ ఆమె వకీలు కాడు. ఆయన రాజ్యం తరఫు వకీలు. నేరం వ్యక్తి మీద జరిగినా, అది సమాజం మీద జరిగినట్టే లెక్క కనుక రాజ్యమే కేసు నడుపుతుంది. సూత్రం మంచిదే. పేదరాలు వకీలుకు డబ్బు కట్టలేదని నేరస్థుడు తప్పించుకోకూడదు. కానీ రాజ్యం అంటే ఎవరు? ఈ సీమలో ఆ ప్రశ్న అడగకుండా ప్రభుత్వ వకీలు ధర్మం గురించి మాట్లాడలేం.

ప్రభుత్వం మారగానే ప్రభుత్వ వకీళ్లు మారడం మనకు ఎంత మామూలైపోయిందంటే, అందులో తప్పుందని కూడా మనకు తోచదు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లా ప్రభుత్వ వకీళ్లందరినీ ఒక్క కలంపోటుతో తొలగిస్తే, సుప్రీంకోర్టు శ్రీలేఖా విద్యార్థి కేసులో ఆ ఉత్తర్వును కొట్టేసింది. అది ప్రజా పదవి, పాలకుల ఇష్టానుసారం ఇచ్చి లాక్కునే బహుమతి కాదని చెప్పింది. 2016లో పంజాబ్ కేసులో నియామకాలు ప్రతిభను బట్టి, న్యాయంగా జరగాలని మళ్లీ చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే వినేవాళ్లు ఎలా విన్నారో తెలుస్తూనే ఉంది. ఫ్యాక్షన్ గ్రామాలున్న జిల్లాలో పీపీ పదవి పార్టీ ద్వారా వస్తే, ఊళ్లో మనుషులను నడిపించే చెయ్యే కోర్టులో కేసును కూడా నడిపిస్తుందని సాక్షి భయపడదా? ఆ భయంతో ఆమె మాట మార్చుకుంటే 'సాక్షి ఎదురు తిరిగింది' అని రాస్తారు. ఆమెను ఎవరు ఒంటరిని చేశారో ఎవరూ రాయరు.

కర్నూలు జిల్లా నుంచే ఒక ఉదాహరణ. ఇద్దరి హత్య కేసులో శిక్ష పడిన, అప్పటి నందికొట్కూరు ఎమ్మెల్యే భర్తకు 2005 ఆగస్టులో మిగిలిన శిక్షను గవర్నర్ రద్దు చేశారు. భార్య అర్జీ పెట్టుకోగా ఫైలు కదిలింది. ఆయన 'మంచి కాంగ్రెస్ కార్యకర్త' అన్న మాట అధికారుల నివేదికలోకి కూడా ఎక్కింది. హతుల కొడుకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఏపూరు సుధాకర్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో, 2006 అక్టోబర్ 11న కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, కులం, మతం, రాజకీయ విధేయత క్షమాభిక్షకు కారణాలు కాలేవని చెప్పింది. ఒకప్పుడు హతుల తరఫున కేసు నడిపిన రాజ్యమే అక్కడ ప్రతివాదిగా నిలబడింది. ఒక భార్య అర్జీకి ఆఫీసులు పరుగులు పెట్టాయి. చనిపోయినవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు ఏమనుకుంటున్నారని ఎవరైనా వెళ్లి అడిగారా?

ఇక పులివెందుల. 2019 మార్చిలో వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య జరిగింది. దోషులెవరో తేల్చవలసింది కోర్టు, మనం కాదు. కానీ ఆయన భార్యా కూతురూ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, సొంత రాష్ట్రంలో న్యాయమైన విచారణ జరుగుతుందన్న నమ్మకం లేదని చెప్పుకోవలసి వచ్చింది. వాళ్ల భయం సహేతుకమేనని 2022 నవంబర్‌లో కోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. మాజీ మంత్రి కుటుంబంలోని స్త్రీలకే ఇంత తిరుగుడైతే, పేరూ ఊరూ పత్రికలకెక్కని స్త్రీ ఎక్కడికి వెళ్తుంది? ఆమెకు కోర్టు మార్చే అవకాశం లేదు. ఆమెకున్నది ఆ ఒక్క పీపీయే.

కేసు ఉపసంహరణ దగ్గర ఈ ధర్మం మరింత కచ్చితంగా పరీక్షకు వస్తుంది. పాత నేరశిక్షాస్మృతి 321వ సెక్షన్ ప్రకారం ఉపసంహరించుకునేది పీపీ. ప్రభుత్వం చెప్పింది కదా అని సంతకం పెట్టడం కాదు, తన బుద్ధితో తానే ఆలోచించి నిర్ణయించాలని 1980లో రాజేందర్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయరాదని 2021 ఆగస్టులో ఆదేశించింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త స్మృతిలో 360వ సెక్షన్, బాధితుల మాట వినకుండా ఉపసంహరణకు అనుమతి ఇవ్వకూడదంటోంది. ఇది మనకు చిక్కిన ఆయుధం. కానీ నోటీసు ఆమె చేతికి అందితేనే, అందులో ఏముందో ఆమెకు ఎవరైనా చదివి చెబితేనే.

అయితే మనం అడుగుతున్నది ఎలాగైనా సరే శిక్ష వేయించే వకీలును కాదు. నిర్దోషికి శిక్ష పడేలా ప్రాసిక్యూషన్ నడపరాదనీ, నిర్దోషిత్వాన్ని చూపే ఆధారాన్ని దాచరాదనీ బార్ కౌన్సిల్ నియమాలే చెబుతాయి. విజయవాడ హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో ఒక పేద యువకుడికి 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. అతను కాదని బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే మొత్తుకున్నారు. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తల్లి మాట మొదటే చెవిన పెట్టుకుని ఉంటే అతని యవ్వనం జైల్లో కరిగిపోయేది కాదు. బాధితురాలి పక్షానికి న్యాయం చేయడం, ముద్దాయికి అన్యాయం చేయకపోవడం రెండు వేర్వేరు పనులు కావు.

బోనులో ఆమె గౌరవం కాపాడటం కూడా పీపీ బాధ్యతే. 1978 నాటి రమీజాబీ ఉదంతంలో విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫున ఆమె శీలాన్నే విచారణకు పెట్టారు. కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. తర్వాత కేసు తుంగభద్రకు ఆవల, రాయచూరు కోర్టుకు మారి, 1981లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. అత్యాచారం కేసులో బాధితురాలి శీలం గురించి అడిగే వీలును 2003లో సాక్ష్యచట్టం నుంచి తీసేశారు. కానీ అలాంటి ప్రశ్న పడినప్పుడు లేచి అభ్యంతరం చెప్పేవాడు లేకపోతే ఆ సవరణ కాగితం మీదే మిగులుతుంది.

నమ్మకం కలిగే మార్గం ఒకటి మన రాష్ట్రంలోనే కనబడింది. చుండూరు కేసులో దళితుల పోరాటం వల్ల ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. వాళ్లకు నమ్మకమున్న బి. చంద్రశేఖర్ ప్రత్యేక పీపీ అయ్యారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేయడం మరో విషాదం. అయినా కింది కోర్టులో సాక్షులు నిలబడ్డారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు 1995లోని 4వ నియమం, బాధితులు కోరితే వాళ్ల కోసం సీనియర్ వకీలును కలెక్టర్ నియమించవచ్చంటుంది. ఆ నియమం దళిత, గిరిజన స్త్రీలకు తెలియాలి. స్త్రీలపై నేరాలన్నిటికీ అలాంటి హక్కే రావాలి.

ఈలోగా మనం పట్టుబట్టవలసినవి: సాక్ష్యం రోజుకు ముందే పీపీ ఆమెను కలిసి, ఆమె వాంగ్మూలం ఆమెకు చదివి వినిపించాలి. కేసు కొట్టేస్తే అప్పీలుకు వెళ్తున్నదీ లేనిదీ కారణాలతో రాతపూర్వకంగా తెలపాలి. కేసులు వీగిపోవడానికి కారణాలు పరిశీలించే కమిటీ ప్రతి రాష్ట్రంలో ఉండాలని 2014లో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని నివేదికలు మనకు చూపాలి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. పీపీకి తోడుగా ఆ వకీలును పెట్టుకునేందుకు కోర్టు అనుమతి కోరవచ్చు.

ఇవేవీ అడక్కుండా రావు. వచ్చే వాయిదాకు ఆమె ఒంటరిగా బస్సు దిగకుండా చూడటం మన సంఘాల మొదటి పని. పక్కన నలుగురం నిలబడి "మా పీపీగారు ఎక్కడ?" అని అడిగితే, జవాబు చెప్పక తప్పదు.