కస్టమా? సస్తానా?

మా ఆపా కొడుక్కి పదహారేళ్లు. షాదీల్లో ఖవ్వాలీ పాడే గ్రూపులో కోరస్ అందుకుంటాడు. ఇప్పుడు వాడికి కస్టమ్ ఇన్-ఇయర్ మానిటర్లు కావాలట. స్టేజీ మీద తన ఆవాజ్ తనకు వినబడేందుకు చెవిలో పెట్టుకునేవి. చెవికి అచ్చు తీసి, దానికి తగ్గట్టు చేస్తారు. 60 వేలు. ఆపా చిట్టీ పాడదామనుకుంటోంది. నేను వద్దన్నాను. ఈ షౌక్ ఒక్క ఇంటిది కాదు కాబట్టి ఎందుకు వద్దన్నానో ఇక్కడ రాస్తున్నాను.

మానిటర్ పెట్టుకోవడాన్నే ఇస్రాఫ్ అనడం లేదు. ఢోలక్ పక్కన, స్పీకర్ల మధ్య గంటలకొద్దీ కూర్చునేవాడి కాన్‌లు ఏమైపోవాలి? 85 డెసిబెళ్ల మోతకు రోజుకు 8 గంటలు హద్దు అని అమెరికా సంస్థ నియోష్ లెక్క. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చాలా ఖవ్వాలీలు అంతకంటే ఎక్కువసేపే సాగుతాయి. అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

అయితే మోతను ఆపేది ధర కాదు, చెవి గట్టిగా మూసుకోవడం. అచ్చు అక్కర్లేని షూర్ ఎస్ఈ215 కూడా 37 డెసిబెళ్ల వరకు ఆపుతుందని ఆ కంపెనీ చెబుతుంది. కేజడ్ లాంటి చైనా రకాలు రెండు వేలకూ దొరుకుతాయి. రబ్బరు టిప్పులు సరిపోకపోతే ఫోమ్ టిప్పులు విడిగా కొనుక్కోవాలి. నలిపి పెడితే చెవిలో అవే ఉబ్బి మూసుకుంటాయి.

కస్టమ్‌కి ఒక అసలైన ఖూబీ ఉంది. పాడేవాడు నోరు తెరిస్తే దవడ కదిలి చెవి గొట్టం ఆకారం మారుతుంది. సస్తా టిప్పు అక్కడే జారుతుంది. జారగానే బాస్ పోతుంది, మనవాడు వాల్యూమ్ పెంచుతాడు. అందుకే గాయకులకు నోరు తెరిపించి అచ్చు తీస్తారు. తాన్ అందుకునే ఖవ్వాల్‌కి ఇది చిన్న విషయం కాదు. వారానికి నాలుగు ప్రోగ్రాములు చేసి, దాంతోనే ఇల్లు నడిపే ఉస్తాద్ 60 వేలు పెడితే అది ఔజార్ ఖర్చు, నేను నోరెత్తను. పదహారేళ్లవాడి చెవి ఇంకా ఎదిగేది. అచ్చు వదులైతే మళ్లీ చేయించాలి. ఇంకొకరి చెవికి పట్టదు, అమ్ముకోవడమూ కష్టం. తమ్ముడికి ఇద్దామంటే షేర్వానీ కాదు గదా!

రెండు చెవులూ మూసుకుంటే బిందెలో తల పెట్టి పాడినట్టు ఉంటుంది. అది నచ్చక చాలామంది ఒకటి తీసేస్తారు. తీసిన చెవికి స్టేజీ మోతంతా తగులుతుంది, రెండో చెవిలో వాల్యూమ్ ఇంకా పెంచాల్సి వస్తుంది. ఈ ఆదత్ ఉంటే కస్టమ్ అయినా, సస్తా అయినా ఒకటే. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి అడగనే వద్దు; ఆవాజ్ ఆలస్యంగా చేరి తాళ్ తప్పుతుంది.

మిగిలిన పైసలతో ముందు పిల్లాడికి ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. తర్వాత నడుముకు తగిలించే యాంప్ కొనేటప్పుడు లిమిటర్ ఉందా అని అడగండి. మైక్ కిందపడినా, ఫీడ్‌బ్యాక్ కీచుమన్నా ఆ దెబ్బ మొత్తం చెవి పర్దా మీద పడకుండా తగ్గించేది అదే. అడగకపోతే దుకాణంవాడు చెప్పడు.