ఆడపిల్ల మోకాలు బలహీనమా, మన ఏర్పాట్లా?

‘ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఎందుకమ్మా? కాలు విరిగితే రేపు ఎవరు చేసుకుంటారు?’ వేంపల్లె చుట్టుపక్కల ఊళ్లలో బాలికల ఆటల గురించి ఎప్పుడు మాట్లాడినా నాకీ ప్రశ్న ఎదురవుతుంది. చదువుకున్నవాళ్లు ఇదే మాటకు శాస్త్రం రంగు పూసి ‘ఆడవాళ్ల మోకాలి నిర్మాణమే అంత’ అంటారు. ఒకటి పెళ్లి భయం, మరొకటి సైన్సు పేరు. రెండూ చేరేది ఒక్కచోటికే: పిల్లను మైదానం నుంచి ఇంటికి పంపడానికి.

వాస్తవాన్ని దాచాల్సిన అవసరం మనకు లేదు. తొడ ఎముకనూ కింది ఎముకనూ మోకాలి లోపల కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం స్త్రీ క్రీడాకారుల్లో పురుషులకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే, పరుగులో చటుక్కున మలుపు తిరిగినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో తెగుతుంది. ఇంగ్లండ్ క్రీడాకారిణులు లియా విలియమ్సన్, బెత్ మీడ్, నెదర్లాండ్స్‌కు ఆడే వివియాన్ మిడెమా 2023 ప్రపంచకప్‌కు దూరమైంది ఈ గాయంతోనే.

అప్పుడు లోకం అడిగిన మొదటి ప్రశ్న: ఆడవాళ్ల శరీరంలో ఏం లోపముంది? వెడల్పైన కటి, హార్మోన్లు, నెలసరి. పరిశోధన చాలాకాలం వీటి చుట్టే తిరిగింది. వీటి పాత్ర అసలే లేదని నేననను. కానీ 2021లో జోవాన్ పార్సన్స్, స్టెఫనీ కోయెన్, షెరీ బెకర్ బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఆ ప్రశ్ననే తిరగేశారు. చిన్ననాటి నుంచి ఆటలో, శిక్షణలో, చికిత్సలో ఆడపిల్లకు దక్కేది వేరైనప్పుడు, ఆ తేడాను వదిలేసి శరీరాన్నొక్కదాన్నే ఎలా దోషిని చేస్తారని అడిగారు.

ఈ ప్రశ్నను మన ఊరికి తెచ్చి చూద్దాం. మగపిల్లవాడు ఐదేళ్లనుంచే వీధిలో పరుగెత్తుతాడు, గోడలు దూకుతాడు, పడి లేస్తాడు. అదే వయసులో ఆడపిల్ల చంకలో తమ్ముడుంటాడు, చేతిలో బిందె ఉంటుంది. పెద్దమనిషి అయిందంటే ఆ కాస్త పరుగూ ఆగిపోతుంది. అలాంటి పిల్లను పధ్నాలుగో ఏట స్కూల్ గేమ్స్ పోటీలకు జట్టు కావాలని హడావుడిగా తెచ్చి మైదానంలో నిలబెడతాం. ఎగిరి దిగడం, ఆగడం, తిరగడం శరీరం నేర్చుకోవలసిన విద్యలు. నేర్పకుండా ఆడించి, దెబ్బ తగిలితే ఆడపుట్టుకను నిందిస్తాం.

నేర్పితే ఏమవుతుందో నార్వేలో తేలింది. అక్కడ 125 క్లబ్బుల్లో 13 నుంచి 17 ఏళ్ల బాలికలు 1,892 మందితో జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. ఆటకు ముందు ఇరవై నిమిషాల ప్రత్యేక కసరత్తు చేసిన జట్లలో గాయాలు మొత్తం మీద మూడోవంతు, తీవ్రమైనవి దాదాపు సగం తగ్గాయి. ఆ ఇరవై నిమిషాల్లో వాళ్ల కటి ఎముకలు మారలేదు. మారింది శిక్షణ. దానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు.

ఇక నేల. ఎండి గట్టిపడిన మైదానాల్లో ఈ లిగమెంటు ఎక్కువగా తెగుతోందని ఆస్ట్రేలియాలో జాన్ ఆర్చర్డ్ పరిశోధన చెప్పింది. ఆయన చూసింది మగ ఆటగాళ్లను. అంటే బండలాంటి నేల మగ మోకాలినీ వదలదు. మన కడప జిల్లాలో వాన ఎన్నాళ్లు పడుతుందో, బడి మైదానం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? దాని మీద మన పిల్లలు ఆడేది ఉత్త కాళ్లతోనో, అన్న వదిలేసిన బూట్లతోనో.

ఇక తిండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్క 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. రోజూ రెండు గంటలు పరుగెత్తే పిల్లకూ అదే లెక్క. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే ముట్టు ఆగిపోవచ్చనీ, ఎముకలు బలహీనపడతాయనీ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే హెచ్చరించారు. ముట్టు గురించి నోరు విప్పనివ్వని చోట మూడు నెలలుగా రావడం లేదని ఏ పిల్ల చెబుతుంది, ఎవరితో చెబుతుంది?

అన్నిటికన్నా ముఖ్యమైనది గాయం తర్వాత జరిగేది. ఒకసారి గాయపడినవారు మళ్లీ గాయపడే అవకాశం ఎక్కువ. పూర్తిగా మానకముందే ఆడితే మరీను. మన దగ్గర ఎక్స్‌రే తీసి ‘ఎముక బాగానే ఉంది’ అంటారు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. లేదా పుత్తూరు కట్టు వేయించుకొస్తారు. కట్టుతో తెగిన లిగమెంటు అతకదు. ఇంతకన్నా దారుణం, మన పిల్లలు నొప్పిని దాచిపెడతారు. చెబితే ఆట మాన్పిస్తారని వాళ్లకు తెలుసు. కుంటుతూనే ఆడతారు, మళ్లీ పడతారు. అంటే రక్షణ పేరుతో మనం చూపే భయమే గాయాన్ని రెట్టింపు చేస్తోంది. ‘ఈ పిల్లకు ఎప్పుడూ దెబ్బలే’ అన్న పేరు మాత్రం పిల్లకు మిగులుతుంది.

ఈ రక్షణ కొత్తది కాదు. 1920 డిసెంబరులో ఇంగ్లండ్‌లో స్త్రీల మ్యాచ్ చూడడానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట స్త్రీలకు తగదంటూ తన మైదానాలను వాళ్లకు మూసేసింది. ఆ తలుపు యాభై ఏళ్లు తెరుచుకోలేదు. మనకు పొరుగునే, ఇంతే కరువు నేల అయిన అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ ఆడపిల్లలచేత ఫుట్‌బాల్ ఆడించి చూపింది. 2025 జూలైలో భారత మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆడగలరా అన్న ప్రశ్నకు జవాబు వచ్చేసింది. మిగిలింది ఎలా ఆడిస్తామన్నదే.

కాబట్టి మన సంఘాలు అడగవలసినవి స్పష్టం. ప్రతి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులకు ఆ ఇరవై నిమిషాల కసరత్తులో శిక్షణ ఇవ్వాలి. దున్ని, రాళ్లు ఏరి, నీళ్లు చల్లిన మైదానం ఉండాలి. ఆడే పిల్లకు అదనపు ఆహారం, ఆమె కాలికి సరిపోయే బూట్లు ఇవ్వాలి. మోకాలి గాయానికి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా ఎం.ఆర్.ఐ., ఫిజియోథెరపీ అందాలి. గాయపడిన పిల్ల మానిన తర్వాత జట్టులోకి తిరిగి రావడం ఆమె హక్కుగా గుర్తించాలి.

మండల సమావేశాల్లో మనం బడిలో మరుగుదొడ్ల గురించి అడుగుతున్నాం. వాటి పక్కనే మైదానం గురించీ అడుగుదాం. పిల్ల కాలు విరుగుతుందని ఆట మాన్పించే పెద్దలను, ఆ కాలు విరగకుండా ఏం చేశారో ముందు చెప్పమందాం.