గేమింగ్ కీబోర్డ్ కొంటున్నారా? ర్యాపిడ్ ట్రిగ్గర్ ఓకే, స్నాప్ ట్యాప్ మాత్రం ఆఫ్ చేయండి

ఈమధ్య ఏ గేమింగ్ కీబోర్డ్ బాక్సు చూసినా అవే మాటలు: 8000 హెర్ట్జ్ పోలింగ్, 0.1 మిల్లీమీటర్ యాక్చుయేషన్, మ్యాగ్నెటిక్ స్విచ్‌లు, స్నాప్ ట్యాప్, ఇంకా కోటిన్నరకు పైగా రంగుల లైట్లు. కౌంటర్‌స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటి గేముల్ని సీరియస్‌గా ఆడేవాళ్లకి ఇందులో నిజంగా పనికొచ్చేది ఒక్కటుంది. మ్యాచ్ మధ్యలో మిమ్మల్ని బయటికి గెంటించగలిగేదీ ఒకటుంది. మిగతావన్నీ దాదాపు అలంకారమే.

ముందు డబ్బు సంగతి. మీ మానిటర్ ఇంకా 60 హెర్ట్జ్‌దే అయితే కొత్త కీబోర్డ్ ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, 144 హెర్ట్జ్‌లో 7 కంటే తక్కువ. ఇక కీబోర్డ్ పోలింగ్ 1000 నుంచి 8000కి పెరిగితే ఏం మిగులుతుంది? 1000 హెర్ట్జ్ అంటే మిల్లీసెకనుకి ఒకసారి కంప్యూటర్‌కి రిపోర్ట్ వెళ్తుంది, 8000 అంటే 0.125 మిల్లీసెకనుకి ఒకసారి. ఎంత లెక్కేసినా ఒక మిల్లీసెకను కూడా కలిసిరాదు. పైగా పాత ప్రాసెసర్ మీద అంత పోలింగ్ అదనపు బరువు. 60 హెర్ట్జ్ మానిటర్ ముందు 8000 హెర్ట్జ్ కీబోర్డ్ పెట్టుకోవడాన్నే మనవాళ్లు మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు.

మానిటర్ సరిపోయిందనుకుందాం. అప్పుడు చూడాల్సింది ర్యాపిడ్ ట్రిగ్గర్. ఇది మాత్రం ఉత్త మార్కెటింగ్ కాదు.

మామూలు మెకానికల్ స్విచ్‌లో కీ ఎక్కడ పనిచేయాలో ఫ్యాక్టరీలోనే ఫిక్స్ అయిపోతుంది. చెర్రీ ఎమ్మెక్స్ రెడ్‌నే తీసుకోండి. మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్ల దగ్గర కీ ఆన్ అవుతుంది. ఫైట్ టెన్షన్‌లో కీని అడుగుదాకా నొక్కేస్తాం కదా. వేలు తీశాక అది దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి వచ్చేదాకా గేమ్‌కి మీరు ఇంకా నడుస్తున్నట్టే లెక్క. హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లో లోహపు కాంటాక్ట్ ఉండదు. కీ కాడలో చిన్న అయస్కాంతం, కింద బోర్డు మీద సెన్సర్ ఉంటాయి. కీ ఎంత లోతులో ఉందో సెన్సర్ ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉంటుంది. అందుకే కీ ఒక 0.2 మిల్లీమీటర్ పైకి లేవగానే 'వదిలేశాడు' అని నిర్ణయించగలదు. ఎంత లోతు నుంచి లేచినా సరే. వూటింగ్ అనే చిన్న డచ్ కంపెనీ దీన్ని పాపులర్ చేసింది, ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి.

దీనివల్ల లాభం ఎక్కడంటే ఆగడంలో. కౌంటర్‌స్ట్రైక్‌లో కదులుతూ కాల్చితే తూటా ఎటుపోతుందో తెలీదు. ఎడమకి వెళ్తున్నవాడు 'ఏ' వదిలి 'డి'ని ఒక్కసారి తట్టి, ఆగి కాల్చాలి. దీన్నే కౌంటర్ స్ట్రేఫ్ అంటాం. 'ఏ' ఎంత త్వరగా ఆఫ్ అయితే అంత త్వరగా ఆగుతాం. వాలరెంట్‌లో కీ వదిలితే చాలు మనిషి త్వరగానే ఆగుతాడు కాబట్టి తేడా కొంచెం తక్కువ, కానీ ఉంటుంది. ఓసు లాంటి రిథమ్ గేమ్ ఆడేవాళ్లకి చెప్పనే అక్కర్లేదు, ఒకే కీని వరసగా టపటపా కొట్టాలి కదా. లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2 మాత్రమే ఆడతారా? అయితే దీనికోసం డబ్బు పెట్టకండి. అక్కడ కదలిక ఎక్కువగా మౌస్ పనే.

ఇక స్నాప్ ట్యాప్. 2024 జూలైలో రేజర్ ఈ పేరుతో ఫీచర్ తెచ్చింది, వేరే కంపెనీలు వేరే పేర్లతో ఇస్తున్నాయి. 'ఏ' పట్టుకుని ఉండగానే 'డి' నొక్కితే కీబోర్డే 'ఏ'ని వదిలించేస్తుంది. మీరు వేలు తీయనక్కర్లేదు. అంటే ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసి సంపాదించే టైమింగ్‌ని కీబోర్డు మీ తరఫున చేసిపెడుతోంది. ఆ ఆగస్టులోనే వాల్వ్ దీన్ని కౌంటర్‌స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. గుర్తిస్తే మ్యాచ్‌లోంచి కిక్ చేస్తారు. మంచి పని చేశారనే నేనంటాను.

'డబ్బు పెట్టి 240 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కుంటే తప్పు లేదు గానీ ఇది తప్పా' అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మానిటర్ శత్రువుని కాస్త ముందు చూపిస్తుంది అంతే, తర్వాత ఆగేదీ కాల్చేదీ మీరే. ర్యాపిడ్ ట్రిగ్గర్ కూడా మీ వేలు లేచిన సంగతినే త్వరగా చేరవేస్తుంది. స్నాప్ ట్యాప్ లేవని వేలిని లేచిందని చెబుతుంది. నిషేధం లేని గేముల్లో కూడా నేను ఆఫ్‌లోనే పెట్టమంటాను. రేపు వేరే గేమ్‌కి వెళ్తే ఆ అలవాటే మిమ్మల్ని ముంచుతుంది. కాలేజీ ఫెస్టుల్లో టోర్నీలు పెట్టేవాళ్లకీ ఒక మాట: దీని మీద రూల్ ముందే రాసి ఇవ్వండి. ఫైనల్‌లో గొడవయ్యాక కాదు.

కొనేటప్పుడు వూటింగే కావాలని పట్టుబట్టనక్కర్లేదు, విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ కలిపి వాచిపోతుంది. తక్కువ ధర హాల్ ఎఫెక్ట్ బోర్డులు మన మార్కెట్లో ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. 'మ్యాగ్నెటిక్' అని రాసుంటే సరిపోదు, ర్యాపిడ్ ట్రిగ్గర్ ఉందా, ఒక్కో కీకి వేరుగా సెట్ చేసుకోవచ్చా అని చూడండి. వారంటీ ఇక్కడ ఎవరిస్తారో కనుక్కోండి. వైర్‌దే తీసుకోండి, బ్లూటూత్ మీద మాత్రం కాంపిటీటివ్ ఆడొద్దు. సైజు విషయంలో నా ఓటు నంబర్ ప్యాడ్ లేనివాటికే. తక్కువ సెన్సిటివిటీతో ఆడేవాళ్లకి మౌస్ తిప్పడానికి ఆ జానెడు చోటు బంగారం. ఇక బ్లూ స్విచ్ సంగతి హాస్టల్లో ఉన్నవాళ్లు మర్చిపోండి, రూమ్మేట్ నిద్ర కూడా ముఖ్యమే.

అంత బడ్జెట్ లేదా? మామూలు రెడ్ స్విచ్ కీబోర్డుతోనూ హాయిగా ర్యాంక్ ఎక్కొచ్చు. మార్చాల్సింది చవక మెంబ్రేన్ బోర్డు. ఒకేసారి మూడు నాలుగు కీలు నొక్కితే అందులో ఒకటి కంప్యూటర్‌కి చేరకపోవచ్చు. కూర్చుని, కదులుతూ, దూకే వేళకే ఆ కీ మాయమవుతుంది. నెట్ సెంటర్లలో కౌంటర్‌స్ట్రైక్ ఆడిన అన్నల్ని అడగండి, ఆ బాధ వాళ్లకి బాగా తెలుసు.

హాల్ ఎఫెక్ట్ తెచ్చుకున్నాక సాఫ్ట్‌వేర్ తెరిచి అన్నీ 0.1కి లాగేయకండి. వేలు ఆనించి ఉంచినా కీ పడిపోతుంది, వాలరెంట్‌లో అల్టిమేట్ గోడకి పోతుంది. నడిచే నాలుగు కీలకి 1 మిల్లీమీటర్ యాక్చుయేషన్, 0.2 లేదా 0.3 రిలీజ్‌తో మొదలుపెట్టండి. ఎబిలిటీ కీలని 2 దగ్గరే వదిలేయండి. ఎప్పుడైనా కీ దానంతటదే నొక్కుకుపోతున్నట్టు అనిపిస్తే ఒకసారి కాలిబ్రేట్ చేయండి. మొదటి వారం ర్యాంక్‌డ్ జోలికి పోకుండా డెత్‌మ్యాచ్‌లోనే ఉండండి, వేళ్లకి కొత్త లోతు అలవాటు కావాలి.