నారు పోసినవారు నీరు పోయరా?

పద్దెనిమిదో పుట్టినరోజుకి పిల్లలకి మీరేమిస్తారండీ? కొత్త బట్టలు, పాయసం, కాస్త ఉన్నవాళ్ళయితే ఓ చేతిగడియారం. విడాకులు పుచ్చుకున్న కొందరు తండ్రులు మాత్రం కోర్టు కాగితం చూపించి, "ఇవాళ్టితో సరి" అంటారు. నిన్న రాత్రి వరకూ బాకీ ఉన్న నాన్న తెల్లారేసరికి రుణవిముక్తుడన్నమాట!

తప్పంతా ఆ నాన్నదే అంటే నేనొప్పుకోను. తిరకాసు చట్టంలోనే ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షనే 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. తమను తాము పోషించుకోలేని భార్యకీ, పిల్లలకీ, తల్లిదండ్రులకీ మనోవర్తి ఇమ్మంటుందది. తమాషా చూడండి! భార్యకి వయసు లెక్క లేదు. తల్లిదండ్రులకీ లేదు. పిల్లలకి మాత్రం మైనారిటీ తీరేదాకానే. ఆపైన కావాలంటే శరీరానికో మనసుకో వైకల్యం ఉండాలి. రేపు ముసలితనంలో తిండికి జరక్కపోతే ఆ తండ్రే, ఆ సెక్షనే పట్టుకుని, పద్దెనిమిదో ఏట తను వదిలేసిన కొడుకుని భరణం అడగొచ్చు. కొడుకు బాధ్యతకి గడువు లేదు, తండ్రి బాధ్యతకి తేదీ ఉంది. ఇదెక్కడి న్యాయం?

ఆడపిల్ల సంగతి వేరట. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం, పెళ్ళికాని కూతురు తన సంపాదనతోగానీ ఆస్తితోగానీ బతకలేకపోతే, మేజరైనా పోషించాల్సిందే. 2020లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. సంతోషమే. కానీ ఆ హక్కు ఆమె చదువుని చూసి ఇచ్చింది కాదు, మెడలో తాళి లేదని ఇచ్చింది. చదువు మధ్యలో పెళ్ళయిందో, నాన్న పూచీ తీరిపోయినట్టే! కొడుక్కేమో వయసు, కూతురికేమో పెళ్ళి. వీళ్ళ చేతికి చదువు అందిందా లేదా అని మాత్రం అడగరు.

పద్దెనిమిదేళ్ళకి మన పిల్లలు ఎక్కడుంటారు? ఇంటర్ గట్టెక్కి, డిగ్రీ గుమ్మంలో. అసలు ఖర్చు మొదలయ్యేదే అప్పుడు. కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాలు, బస్సు పాసు. ఓటెయ్యడానికి సరిపోయిన వయసు ఫీజు కట్టుకోడానికి సరిపోదు మరి!

2021లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, కొడుకు మేజరయ్యాడని తండ్రి చదువు బాధ్యత తప్పించుకోలేడంది. అతను డిగ్రీ పూర్తిచేసేదాకా, లేదా సంపాదనలో పడేదాకా, తల్లికి నెలకి 15,000 రూపాయలు ఇమ్మంది. మంచి తీర్పే. కానీ తీర్పు కోసం హైకోర్టు దాకా వెళ్ళగలిగే తల్లులెందరు? వకీలు ఫీజు ఇచ్చుకోగలిగినవాళ్ళ పిల్లలే చదువుకోవాలా?

"తల్లీ సంపాదిస్తోందిగా" అంటారు. సంపాదిస్తే ఆవిడ వాటా ఆవిడా వేస్తుంది. 1956 చట్టం ఆ బాధ్యత తల్లికీ పెట్టింది. అయినా పిల్లాణ్ణి ఇంట్లో ఉంచుకుని వండి పెడుతున్న మనిషి వాటా ఏ రసీదులో రాస్తారు? "ముప్ఫయ్యేళ్ళొచ్చినా చదువుతానంటే?" అంటారు. అలాంటి సోమరికి ఇమ్మనడం లేదు. మొదటి డిగ్రీ దాకా, లేదా చేతికో పని వచ్చేదాకా. "లేనివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?" అంటారు. లేనివాణ్ణి పీడించమని ఎవరన్నారు? ఉన్నదెంతో తేలడానికే, ఇద్దరూ ఆస్తి, ఆదాయం, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసివ్వాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

విడాకులు ఆలుమగల మధ్య. వాళ్ళు మరో పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లలు మరో నాన్నని తెచ్చుకోలేరు. అందుకే చట్టంలో ఒక్క మాట మార్చమంటున్నాను. "మైనారిటీ తీరేవరకు" అన్నచోట "చదువు పూర్తయ్యేవరకు" అని రాయండి, కొడుక్కైనా కూతురికైనా. నారు పోసినవాడు నీరు పోయడా అని దేవుడి మీద భారం వేసి ఊరుకోవడం మనకలవాటు. ఈ నారు పోసింది మాత్రం దేవుడు కాదండీ. పైరు ఏపుకొచ్చే వేళకి మడవ కట్టేసి గట్టెక్కి పోయేవాణ్ణి ఊళ్ళో రైతంటారా?