అణకువ యన నేమి?

ఆంగ్లమున 'డెమ్యూర్' అను విశేషణ మొకటి కలదు. చిరకాలము పాతనవలలలో నొదిగియుండిన యీ మాట 2024వ సంవత్సరమున నకస్మాత్తుగా లోకుల నోళ్లలో బడి, డిక్షనరీ డాట్ కామ్ వారిచే ఆ యేటి మాటగా నెన్నుకొనబడినది. మా పొదిలిలో ఆంగ్లము చదువు బాలబాలికలు దీనికి దెలుగేమని యడిగినచో, 'అణకువగల' యని చెప్పి మరల పాఠములోనికి బోవుట యుపాధ్యాయులకు సులభము. ఈ సులభమార్గము వట్టి యనువాదదోషము గాదనియు, మన యిండ్లలో నాడుపిల్లల నోళ్లు మూయించు నొక పాత యలవాటునకు ఇది నిఘంటువు వేషమనియు మేము చెప్పదలచినారము.

ముందు మాట పుట్టుక చూతము. 'పండిన' యను నర్థముగల ప్రాచీన ఫ్రెంచిపదమునుండి, దానిద్వారా లాటిను 'మాతూరుస్' నుండి యిది వచ్చినదని పండితులు పలువురి మతము. తొలిదినములలో నలలడగిన సముద్రమును గూర్చియు, తొందరపాటు లేని గంభీరులను గూర్చియు దీనిని వాడిరి; స్త్రీలకే యను నియమము లేదు. 17వ శతాబ్దపు చివరనుండి, లేని బిడియమును నటించువారిని ఎగతాళి చేయుటకు గూడ నిదే మాట వచ్చినది. కాబట్టి దీని కొక యంచు పరిపాకము, మఱియొక యంచు నటన. మన 'అణకువ'లో నీ రెండును లేవు. మా మెట్టసీమలో పండిన మిరపకాయ యెంత ఘాటుగా నుండునో చదువరు లెరుగుదురు. పండుట యన్న చప్పబడుట గాదు గదా! దీని చుట్టములనబడు ఆంగ్లపదములును ఒక్కయింటివి గావు. 'మోడెస్ట్' కొలతను దెలుపు పదమునుండి పుట్టినది. తన మేర నెరిగినవాడని భావము. 'రెటిసెంట్' మౌనమునుండి, 'రిజర్వ్‌డ్' దాచియుంచుకొనుటనుండి, 'కాయ్' నెమ్మదినుండి వచ్చినవి. ఇవన్నియు మనుష్యుడు తనంతట తాను పాటించునవి.

అణకువ సంగతి వేరు. 'అణగు' అనుదానికి జంటగా 'అణచు' కలదు. అణగియున్న దానిని జూచినపుడు, అది తానై యణగెనో, మఱియొకరు అణచిరో యీ మాట చెప్పదు. పైన గూర్చున్నవానికి రెండును నొక్కటే. ఈ సందిగ్ధమే పెద్దలకు మిక్కిలి యుపయోగపడినది.

సంస్కృతమున నింతకంటె స్పష్టమైన మాటలు లేకపోలేదు. వినయమనగా శిక్షణ, కౌటిల్యుడు తన యర్థశాస్త్రపు మొదటి యధికరణమునకు వినయముమీదనే పేరు పెట్టి, దానిని రాజునకు విధించినాడు. అమరసింహుడు లజ్జకు హ్రీ, త్రప, వ్రీడ యని పర్యాయములు చెప్పి, ఇతరులవలన గలుగు లజ్జకు 'అపత్రప' యని వేరుగా నొక పేరు జూపినాడు. తనలోనుండి పుట్టు సంకోచము వేరు, పరులు చూచెదరన్న జంకు వేరు అని వేయేండ్లకు బూర్వమే గుర్తింపబడిన భేదమిది. భగవద్గీత 16వ యధ్యాయమున హ్రీ దైవీసంపదలలో జేర్చి చెప్పబడినది. వినుచున్నవాడు గాండీవము ధరించిన యర్జునుడు, పెండ్లిచూపులకు గూర్చున్న కన్య గాదు.

మఱి మన యిండ్లలో జరుగునదేమి? మాటలాడని పురుషుడు గంభీరుడు; మాటలాడని స్త్రీ అణకువగలది. మాటలాడు పురుషుడు వాగ్మి. మాటలాడు స్త్రీ గయ్యాళి. మిరపకాయలు కోయవచ్చిన కూలిపడుచు సాయంకాలమున తన కూలిలెక్క గట్టిగా నడిగినచో, 'నోరుగల మనిషి' యన్న పేరు మరునాటికి ఊరంతయు బ్రాకును. అదే లెక్కను ఆమె మగడడిగిన లౌక్యము తెలిసినవాడందురు.

సంస్కర్తలు సైతము దీనికి లోబడినారు. 18వ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును గూర్చి, స్త్రీ నోట రాదగని పచ్చిశృంగార మందు గలదని కందుకూరి వీరేశలింగము పంతులు ఆక్షేపించిరి. 1874లో ధవళేశ్వరమున బాలికలకు బడి పెట్టి, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిన మహనీయు లాయన. ఆయన యెడ మాకుగల గౌరవ మిందువలన దగ్గదు. కాని 1910లో ఆ కావ్యమును బరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ వేసిన ప్రశ్నకు మాత్రము సరియైన జవాబు నేటికిని రాలేదు: సిగ్గనునది స్త్రీలకేనా, పురుషులకు వలదా? పురుషులు వ్రాసిన పచ్చికావ్యములు పండితుల పరిష్కరణముతోనే యచ్చగుచుండెను. ప్రభుత్వమువారు నాగరత్నమ్మ పుస్తకమును నిషేధించిరి. మా పొరుగున ఒంగోలు సీమలో బుట్టిన టంగుటూరి ప్రకాశము పంతులు మద్రాసు ప్రధానిగా 1946-47లో నున్నపుడు గాని యా నిషేధము తొలగలేదు. 1952లో గాని గ్రంథము మరల నచ్చు గాలేదు. ఇంచుమించు 40 యేండ్లు కావ్యము అణగియుండెను. దానిని గూడ అణకువ యందమా?

నిగ్రహమే వలదా, ఆడుపిల్లలు వీధిజగడము లాడవలెనా యని కొందరడుగుదురు. ఇది చర్చను దారి మళ్లించుట. 1923 డిసెంబరున కాకినాడ కాంగ్రెసునాడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద నిలిచిన 14 యేండ్ల సేవిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవాహర్లాలు నెహ్రూను లోనికి బోనీయలేదు. టిక్కెట్టు కొన్న పిమ్మటనే దారి విడిచినది. ఎదుటివాని ప్రఖ్యాతికి లొంగక, తన కప్పగింపబడిన నియమమునకు గట్టుబడుట నిగ్రహము గాక మఱేమి? ఎనిమిదవ యేట పెండ్లిచేయబడిన బాలికయే యీమె. తెలివివచ్చిన పిదప ఆ పెండ్లిని వలదని బయటికి వచ్చినది. నోరు విప్పగలవారు తామై యూరకుండిన, అది గుణము. నోరు కట్టబడినవారి మౌనమును మెచ్చుట, పంజరములోని చిలుక యెగురకున్న దాని స్థిరచిత్తమును బొగడుటవంటిది.

ఇందు నష్టపడువారెవరో గూడ చెప్పవలెను. 'మౌనము అర్ధాంగీకారము' అను లోకోక్తిని పెండ్లిమాటలనాడు మనవారు పూర్ణాంగీకారముగా జెల్లించుచున్నారు. 1929 నాటి శారదాచట్టము బాలికల వివాహమునకు 14 యేండ్ల హద్దు పెట్టెను. 2006 నాటి చట్టము ప్రకారము 18. ఏండ్లను లెక్కించుటకు చట్టము కలదు గాని, తలవంచుకొన్న పిల్ల 'సరే' యన్నదో 'వలదు' అన్నదో చట్టము వచ్చి వినదు. తరగతిలో నందరికంటె ముందు లెక్క చేసిచూపు పిల్ల వేసవిసెలవుల పిమ్మట బడికి రాదు. ఏమని యడిగిన, 'సంబంధము కుదిరినదండీ. అడిగితిమి, ఏమియు ననలేదు, అణకువగల పిల్ల' యని తండ్రి సంతోషించును. చదువరులు తమ యిండ్లలో నిట్టి మాట నడచునపుడు, పదిమంది నడుమ గాక, ఆమె నొంటరిగా, తొందర లేకుండ అడుగవలెనని మా మనవి. జవాబు రాకున్న, రాలేదనియే యెంచి మఱియొక దినము మరల నడుగుడు.